మగ వస్తాదులను మట్టి కరిపించిన హమీదా బాను

గోదాలో తనను ఓడించిన మగవాణ్ణి పెళ్లాడతానని ఒక ఆడమనిషి సవాలు విసిరితే చూడ్డానికి జనం విరగబడకుండా ఉంటారా? 1954 ఫిబ్రవరిలో హమీదా బాను విసిరిన సవాలు అదే. అప్పటికి ఆమె వయసు ముప్పయ్యో పడిలో ఉంది. పటియాలా నుంచి ఒక వస్తాదు, కలకత్తా నుంచి మరొక వస్తాదు ముందుకొచ్చారు. ఇద్దరూ ఓడిపోయారు. పెళ్లి మాట అలాగే ఉండిపోయింది.

హమీదాది ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్. అలీగఢ్ చేరి, సలాం పహిల్వాన్ దగ్గర కుస్తీ నేర్చుకుంది. ఆడవాళ్లు గోదాలో దిగడమే వింత అనుకునే రోజులవి. తనతో తలపడే ఆడవాళ్లు ఎక్కడున్నారు? అందుకే మగవాళ్లతోనే పట్టు పట్టింది. పత్రికలు ఆమెను ‘అలీగఢ్ అమెజాన్’ అన్నాయి. గ్రీకుల పురాణాల్లో యుద్ధాలు చేసే వీరనారులను అమెజాన్లంటారు.

ఆమె తిండి కూడా ఆనాటి పత్రికలకు వార్తే. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 108 కిలోలు. రోజుకు 5.6 లీటర్ల పాలు, 2.8 లీటర్ల సూపు, 1.8 లీటర్ల పండ్లరసం, ఒక కోడి, కిలోకు కాస్త తక్కువగా మాంసం, బాదంపప్పు, అరకిలో వెన్న, 6 గుడ్లు, రెండు పెద్ద రొట్టెలు, రెండు పళ్లేల బిర్యానీ! ఒక్క మనిషి తిండి అంటే నమ్మడం కష్టమే. అయితే రోజూ 6 గంటల సాము, 9 గంటల నిద్ర అని కూడా రాశారు.

తప్పుకున్న చోటే గామా

1954 మే నెలలో ఆమె బరోడా వచ్చింది. లారీలకు, బళ్లకు పోస్టర్లు కట్టి ఊరంతా తిప్పారు. మహారాజు అండ ఉన్న చోటే గామా పహిల్వాన్‌తో పోటీ. తీరా సమయానికి, ఆడదానితో కుస్తీ పట్టనని ఆయన తప్పుకున్నాడు. అతని బదులు బాబా పహిల్వాన్ దిగాడు. 1 నిమిషం 34 సెకండ్లలో పోటీ ముగిసింది. ఓడిన బాబా ఇక కుస్తీకి దణ్ణం పెట్టాడట. ఆ ఫలితం పత్రికలకెక్కిన రోజును గుర్తుచేస్తూ 2024 మే 4న గూగుల్ సంస్థ ఆమె బొమ్మను తన పేజీపై ఉంచింది.

అప్పటికే 300కు పైగా పోటీలు గెలిచానని ఆమె చెప్పుకునేది. జనం మాత్రం అంతకు పదేళ్ల ముందు నుంచే విరగబడేవారు. 1944లో గూంగా పహిల్వాన్‌తో ఆమె పోటీ చూడ్డానికి బొంబాయిలో దాదాపు 20,000 మంది వచ్చారని అంచనా. ఎక్కువ డబ్బు కావాలి, గడువు కావాలి అని గూంగా పేచీ పెట్టడంతో పోటీ ఆగిపోయింది. జనం ఊరుకుంటారా? స్టేడియాన్ని చిందరవందర చేశారు.

గెలిస్తే మెచ్చుకోళ్లే ఉంటాయనుకుంటే పొరపాటు. ఒకసారి మగ వస్తాదును ఓడించినందుకు జనం ఈలలు వేసి రాళ్లు రువ్వారు. పోలీసులు రావలసి వచ్చింది. పూనాలో రామచంద్ర సాలుంకేతో ఖాయమైన పోటీని అక్కడి కుస్తీ సంఘం పడనివ్వలేదు. తన పోటీలకు అడ్డు తగులుతున్నారని అప్పటి బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయికి ఆమె మొర పెట్టుకుంది. ఆడమనిషి అని ఆపలేదు, నిర్వాహకులు ఉత్తుత్తి వస్తాదులను నిలబెడుతున్నారని ఫిర్యాదులొచ్చాయి అని ఆయన జవాబు. అలాంటి అనుమానం చాలామందికి ఉండేది. రాళ్లు రువ్విన వాళ్లకు మాత్రం అది ఉత్తుత్తి ఓటమిలా తోచలేదు మరి!

యూరప్ వెళ్లనిచ్చారా?

‘రష్యా ఆడ ఎలుగుబంటి’ అని పేరుపడిన వీరా చిస్టిలిన్‌ను కూడా 1954లోనే బొంబాయిలో నిమిషం లోపే చిత్తు చేసింది. ఇక యూరప్ వెళ్లి అక్కడి వస్తాదులతో తలపడతానని ప్రకటించింది. ఆ తర్వాత కుస్తీ వార్తల్లో ఆమె పేరే వినబడకుండా పోయింది.

ఏమయింది? యూరప్ వెళ్లకుండా ఆపడానికి గురువు సలామే కర్రలతో కొట్టి చేతులు విరగ్గొట్టాడని ఆమె మనవడు తర్వాత విలేకరులకు చెప్పాడు. చాలా ఏళ్లు చేతికర్ర లేనిదే సరిగా నడవలేకపోయిందని ఇరుగుపొరుగు వారు కూడా చెప్పారు. సలాం ఆమెను పెళ్లి చేసుకున్నాడని అతని కూతురు అంటే, పెళ్లే జరగలేదని మనవడు అన్నాడు. వారిద్దరి మధ్య ఏమున్నా, దేశమంతా వెతికినా గోదాలో దొరకని ప్రత్యర్థి ఆమెకు ఇంట్లోనే దొరికాడన్నమాట.

సలాం అలీగఢ్ వెళ్లిపోయాడు. హమీదా బొంబాయి దగ్గరి కళ్యాణ్‌లోనే ఉండిపోయింది. రోజుకు అయిదు లీటర్లకు పైగా పాలు తాగిన మనిషి పాలు అమ్మి బతికింది. ఇళ్లు అద్దెకిచ్చింది. చేతిలో డబ్బు ఆడనప్పుడు ఇంట్లో చిరుతిళ్లు చేసి రోడ్డు పక్కన అమ్ముకుంది. 1986లో కన్నుమూసింది.