చలికాలంలో గదికి వెచ్చదనం

మన దగ్గర గట్టి చలి రెండు నెలలే. దానికి ఏ హీటరు మేలు?

2000 వాట్ల రూమ్ హీటరు గంటసేపు ఆగకుండా వెలిగితే 2 యూనిట్లు కాలుతుంది. వేడి కూడా ఇచ్చే ఏసీ బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది. అందుకే యూనిట్ కరెంటుకు దాదాపు మూడు యూనిట్ల వేడి వస్తుంది. కానీ ఖరీదు ఎక్కువ.

మన ఇళ్ళలో హీటరంటే కుంపటే. తలుపులు మూసి బొగ్గులు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు ఉండదు, వాసన ఉండదు; నిద్రలోనే ప్రాణం తీస్తుంది. డిగ్రీకి వచ్చేదాకా మాకూ ఈ సంగతి తెలియదు. ఏటా అమ్మ మంచం పక్కనే కుంపటి ఉండేది.

పడుకునే ముందు కుంపటి బయట పెట్టాలి. ఇంకో దుప్పటి కప్పుకుంటే చాలు. సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు ఇంట్లో ఈ మాట తప్పక చెప్పండి.