తుకం మీద ఇగం

యాసంగి వరి మంచిచెడ్డలు కోతలప్పుడు తేలతాయని చాలామంది అనుకుంటారు. మా దామరగిద్ద వైపు అవి డిసెంబర్‌లో, రెండు గుంటల తుకంలోనే, అంటే నారుమడిలోనే తేలిపోతాయి. ఇగం పెట్టే, అంటే చలి కొరికే రాత్రులు నారు ఎట్లా గడిపిందో చూస్తే, ఏప్రిల్‌లో తూర్పార పట్టినప్పుడు తాలు ఎంత పోతుందో చాలావరకు ముందే చెప్పొచ్చు.

కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేది మా జిల్లాలోనే. తంగిడి దగ్గర భీమ నది వచ్చి ఆమెలో కలుస్తుంది. మక్తల్ వైపు సంగంబండ, భూత్పూర్ జలాశయాల కింద కాలువ నీళ్లు పారతాయి. మాకు ఆ భాగ్యం లేదు. ఎత్తు నేలలు, బోరు ఎంత పోస్తే అంతే పొలం. మార్చి దాటితే బోరు ధార సన్నబడుతుంది. ఆలోపు గింజ పాలు పోసుకోవాలంటే నాట్లు వేళకు పడాలి, నాట్లు పడాలంటే నారు అందాలి. చలి అడ్డం తిరిగేది సరిగ్గా ఇక్కడే.

వరి వెచ్చదనం కోరే పైరు. రాత్రి వేడి 15 డిగ్రీల కిందికి దిగిందంటే ఎదుగుదల మందగిస్తుంది. 10 దగ్గరికి వస్తే దాదాపు నిలిచిపోతుంది. వానాకాలంలో 25 రోజులకే పీకి నాటే నారు యాసంగిలో 35 రోజులు, చలి ముదిరితే ఇంకా ఎక్కువ తీసుకుంటుంది. మట్టిలో భాస్వరం, జింకు ఉన్నా చల్లబడ్డ వేరు వాటిని సరిగా అందుకోలేదు. ఆకులు పాలిపోతాయి, ఇటుక రంగు మచ్చలు లేస్తాయి, నారు గిడసబారి నేలకు అంటుకుని ఉంటుంది.

అప్పుడు అందరి చెయ్యీ యూరియా బస్తా మీదికే పోతుంది. పక్క పొలం పిల్లగాడు ప్రతి యాసంగి అడిగే మాటే ఇది: “పెద్దమ్మా, నారు ఎర్రబడ్డది. జర యూరియా సల్లుదునా?”

“వద్దు బిడ్డా. ముందుగాల మడిల నీళ్లు తీసెయ్యి.”

రాత్రంతా నిలిచిన పలుచటి నీళ్లు తెల్లవారేసరికి మంచులా ఉంటాయి. ఆ నీళ్లలోనే వేరు నానుతుంటుంది. పొద్దున్నే వాటిని బయటికి వదిలి బోరు నీళ్లు పెట్టాలి. భూమి లోపలి నుంచి వచ్చే నీళ్లు చలికాలం పొద్దున గోరువెచ్చగా ఉంటాయి, పైపు మూతి దగ్గర ఆవిరి కూడా లేస్తుంది. పైసా ఖర్చు లేని ఈ పనిని వదిలేసి మందుల దుకాణానికి పోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

రెండో పని కప్పడం. మడి మీద వెదురు బద్దలు వంచి గుచ్చి, సాయంత్రం పాలిథిన్ పట్టా పరిచి, పొద్దెక్కగానే తీసెయ్యాలి. పట్టా కొనలేకపోతే ఖాళీ యూరియా బస్తాలు విప్పి కలిపి కుట్టుకున్నా పని జరుగుతుంది. కప్పు నారుకు తగలకుండా పైకి నిలవాలి. పగలు తీయడం మరిచిపోతే లోపల ఉక్కపోసి నారు మెత్తబడుతుంది కాబట్టి, ఇంట్లో ఒకరికి ఆ బాధ్యత గట్టిగా అప్పగించాలి. మా ఇంట్లో అది కోడలి పని, ఆమె నాకంటే నిక్కచ్చి.

విత్తనం చల్లేముందే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎకరం నాటుకు సరిపడే రెండు గుంటల మడికి వానాకాలంలో కిలో భాస్వరం వేస్తే, యాసంగిలో రెండు కిలోలు అందాలి. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ లెక్కలో అది పన్నెండున్నర కిలోలు. మాగిన పశువుల ఎరువు సరేసరి. విత్తనం నానబెట్టాక మండె కట్టినప్పుడు ఒక రోజుతో ఆపకుండా, మొలక తెల్లగా కనబడేదాకా గోనెసంచుల కింద వెచ్చగా ఉంచాలి. తర్వాత జింకు లోపం కనబడితే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి పిచికారీ చేస్తే తేరుకుంటుంది. యూరియా మాత్రం చలి తగ్గేదాకా ఆగాలి. ఎదగని మొక్క దాన్ని తినదు. పైగా చలి రాత్రులు, మంచు, ఎక్కువ నత్రజని ఒకచోట చేరితే అగ్గి తెగులును పిలిచినట్టే. ఆకు మీద నూలు కండె ఆకారంలో మచ్చలు, మధ్యలో బూడిద రంగు కనిపిస్తే ఆలస్యం చేయకుండా లీటరుకు 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ కొట్టాలి.

చలిని తట్టుకునే రకం లేదా అంటే, తెల్లహంస ఉంది. రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రంలో పుట్టిన పాత రకం, యాసంగికి పెట్టింది పేరు. అయితే అగ్గి తెగులుకు, ఎండాకు తెగులుకు తొందరగా లొంగుతుంది. అందుకే రకాన్ని నమ్ముకుని నారును గాలికి వదిలేయడం నాకు నచ్చదు.

చలితో వరికి పడే పోరు మనొక్కరిదే కాదు. 1993లో జపాన్‌లో ఎండాకాలమే చల్లబడి, వరి దిగుబడి మామూలు కంటే నాలుగోవంతు దాకా తగ్గిపోయింది. థాయ్‌లాండ్ లాంటి దేశాల నుంచి బియ్యం తెప్పించుకున్నారు. జపాన్‌లో చలి గండం పొట్ట దశలో వస్తుంది. అప్పుడు పొలంలో నీటిని లోతుగా నిలిపి, కాండంలో దాగిన చిన్న వెన్నుకు వెచ్చదనం ఇస్తారు. మనకు గండం నారులో మొదలై పూతలో ముగుస్తుంది. ముందు చలి, తర్వాత ఎండ.

ఆ లెక్క చూడండి. నవంబర్ 25న తుకం పోసిన స్వల్పకాలిక రకం మార్చి మొదట్లో పూతకొస్తుంది. జనవరి మొదటి వారానికి జరిగితే పూత ఏప్రిల్లో పడుతుంది. పూత విచ్చుకునే వేళ ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి ఎండి గింజ తాలుపోతుంది. నిలిచిన గింజ కూడా మిల్లులో నూకవుతుంది. ఇక వడగండ్లు ఉండనే ఉన్నాయి. 2023 మార్చిలో రాష్ట్రంలో పలుచోట్ల అవి పంటలను ముంచితే, ప్రభుత్వం ఎకరాకు 10,000 రూపాయల పరిహారం ప్రకటించింది. పంట ఎంత ఆలస్యంగా నిలబడితే అంత ఎక్కువ రోజులు వాటి దారిలో ఉంటుంది.

  

సంక్రాంతికీ నారు నాటుకు రాకపోతే పొలమంతా కరిగట్టు చేయొద్దని మా ఊళ్లో అందరికీ చెబుతుంటాను. ఏప్రిల్‌లో బోరు మోయగలిగినంత మేరకే వరి నాటండి. నారు ముదిరింది కాబట్టి పిలకలు తక్కువ వస్తాయి, కుదురుకు రెండు మూడు మొక్కలకు బదులు నాలుగైదు పెట్టి దగ్గరగా నాటండి. మిగిలిన చెలకను ఆరనిచ్చి, చలి వెనుదిరిగాక జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి మొదటి పక్షం లోపల నువ్వులు చల్లండి. వరికి పోసే నీళ్లలో కొంచెంతోనే అవి పండుతాయి.