వెలుతురు వేసిన ముడి

షోలాపూరు తూర్పువాడలలో, తెలంగాణ పల్లెలనుండి తరతరములుగా వచ్చి స్థిరపడిన పద్మశాలీల సాంచెల చప్పుడు నడుమ, తెలుగుమాట నేటికిని వినవచ్చుచుండును. అచట నేయబడు దుప్పటికిని, తువాలుకును రంగే ప్రాణము. అయితే నూలుకు వేయు వ్యాట్ రంగులలో పసుపు, నారింజ వన్నెలవి కొన్ని ఎండను గ్రహించి, గాలిలోని ఆమ్లజనిని రేకెత్తించి, తాము అంటుకొనిన పోగునే చివుకజేయును.

ఇట్టి శక్తి జీవకణమునకును హాని చేయునని తెలిసి శతాబ్దము దాటినది. 1900లో మ్యూనిక్ నగరమున ఆస్కార్ రాబ్ అను విద్యార్థి, అక్రిడీన్ కలిపిన నీటిలోని పారమీసియములను సూక్ష్మజీవులు చీకటిలోకంటె వెలుతురులో మిక్కిలి త్వరగా చచ్చుచున్నవని ప్రకటించెను. రంగునీట చేతులు ముంచి, ఎండలో నూలు ఆరవేయువారి క్షేమము కోరినచో, ప్రతి రంగును చీకటిలోను, వెలుతురులోను గూడ పరీక్షింపవలసినదే.

బొల్లికి మన వైద్యులు వాడు బావంచాలలోని సోరలెన్‌ది వేరు మార్గము. అది ఆమ్లజనితో నిమిత్తము లేకయే డి.ఎన్.ఏ. రెండుపేటల నడుమ చొరబడి, అతినీలలోహిత కిరణము సోకగా మొదట ఒక పేటను, మరల సోకగా రెండవ పేటను పట్టి ముడివేయును. పడుగుపోగులు రెండు వరుసలుగా విడి నాడెకు దారి ఇచ్చినగాని నేత సాగనట్లే, పేటలు విడనిదే బాక్టీరియా తన డి.ఎన్.ఏ.కు ప్రతి తీసికొనజాలదు.

ఈ ముడులను కొలుచు విధము మనోహరమైనది. బాక్టీరియానుండి తీసిన డి.ఎన్.ఏ.ను బాగుగా కాచి చప్పున చల్లార్చినచో, ముడిలేని పేటలు విడివిడిగానే మిగులును. ముడిపడినవి మాత్రము తక్షణమే తిరిగి జతగూడును. కిరణము సోకిన కణములను శుభ్రముగా కడిగి, ఆహారమిచ్చి వెచ్చగా నుంచి, కొంతసేపటికొకసారి ఈ కొలతనే తీయుచుండగా, జతగూడు భాగము తగ్గుచు వచ్చును. ఆ తగ్గుదల వేగమే కణము తన ముడులను మరమ్మతు చేసికొను వేగము. ఈ పని యంతయు పసుపు దీపపు మందకాంతిలో జరుగవలెను. లేనిచో మిగిలిన సోరలెన్‌తో పగటి వెలుతురే క్రొత్త ముడులు వేయగలదు.

చచ్చిన కణముల లెక్క మాత్రమే చూచి రంగుపైగాని, మందుపైగాని తీర్పు చెప్పుట నాకు సమ్మతము గాదు. బ్రతికిన కణము గాయపడనిదని చెప్పరాదు. గాయమును మాన్పుకొనినది కావచ్చును, తప్పుగా మాన్పుకొని మారిన జన్యువుతో మిగిలినదియు కావచ్చును. 1973లో ఆర్. ఎస్. కోల్ అను పరిశోధకుడు ఈ. కోలై బాక్టీరియాలో ఈ మరమ్మతు క్రమమును వివరించెను: మొదట యువీఆర్ జన్యువుల మాంసకృత్తులు ముడికి ఇరుప్రక్కల ఒక పేటను కత్తిరించును, పిమ్మట రెక్-ఏ అను మాంసకృత్తు సాయమున, అదే కణమునందలి చెక్కుచెదరని మరియొక ప్రతినుండి ఆ ఖాళీ పూరింపబడును. ఈ రెంటిలో ఏది లోపించినను బాక్టీరియా అతికొద్ది ముడులకే చచ్చును. సహజమైనది అనేకము సహించును. కావుననే పరిశోధకులు సహజమైన బాక్టీరియాకును, లోపమున్న బాక్టీరియాకును ఒకే మోతాదు సోరలెన్, ఒకే కిరణము ఇచ్చి, మరునాడు పళ్లెములలో మొలిచిన గుంపులను ప్రక్కప్రక్కన లెక్కింతురు.