రెండంచుల బ్లేడు, దాని రేజర్

సేఫ్టీ రేజర్‌లోని భద్రత అంతా దాని తలలోనే ఉంటుంది. అందులో బిగించే బ్లేడు మిల్లీమీటరులో పదో వంతు మందమున్న ఉక్కు రేకు. విడిగా పట్టుకుంటే అటూ ఇటూ ఊగుతుంది, వేలు కోస్తుంది. పై మూతకూ కింది పలకకూ మధ్య పెట్టి పిడి తిప్పితే ఆ రేకు వంపు తిరిగి బిగుసుకుంటుంది, ఊగడం మానేస్తుంది. రెండు పక్కలా అంచు కొద్దిగా మాత్రమే బయటికి వస్తుంది. దాని కింద ఉండే కడ్డీ గానీ దువ్వెన పళ్లు గానీ అంచు కంటే ముందు చర్మాన్ని తాకి, నొక్కి చదును చేస్తాయి.

ఇంత చిన్న ఏర్పాటుకు వందేళ్లకు పైగా పట్టింది. మంగలికత్తితో గడ్డం గీయాలంటే రెండు విద్యలు రావాలి: సానరాయి మీద, తోలుపట్టీ మీద అంచు నిలబెట్టడం ఒకటి, కత్తిని సరైన వాలులో నడపడం రెండోది. 18వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన కత్తుల తయారీదారు జాన్ జాక్ పెరే కత్తికి కర్ర తొడుగు బిగించి, అంచు లోతుగా దిగకుండా చూశాడు. 1847లో ఇంగ్లండులో విలియం హెన్సన్ పారకు కర్ర తొడిగినట్టు పిడికి అడ్డంగా కత్తిని అమర్చాడు. నేటి రేజర్ రూపం అక్కడ మొదలైంది. 1880లో అమెరికాలో కాంప్ఫే సోదరులు రక్షణ అంచుతో చేసిన రేజర్‌కు పేటెంటు తీసుకున్నారు. అయినా అందులోని కత్తి మందమైనదే, దానికి రోజూ తోలుపట్టీ తప్పేది కాదు. వాలు విషయంలో కొంత ఊరట దొరికినా, సాన పని ఇంటివాడి నెత్తిమీదే ఉండిపోయింది.

ఆ పనిని తప్పించినవాడు కింగ్ క్యాంప్ జిలెట్. ఊరూరా తిరిగి సరుకు అమ్మే సేల్స్‌మన్. అతను పనిచేసిన కంపెనీ సోడా సీసాల మూతలు చేసేది. వాడి పారేసే వస్తువేదైనా కనిపెడితే కొన్నవాడు మళ్లీ మళ్లీ వస్తాడని ఆ మూత కనిపెట్టిన విలియం పెయింటర్ అతనికి సలహా ఇచ్చాడు. 1895లో జిలెట్‌కు పారేసే బ్లేడు ఆలోచన తట్టింది. ఆలోచన సులువే, ఉక్కు మాత్రం లొంగలేదు. పలుచని రేకును కాల్చి చల్లారిస్తే మెలితిరిగిపోతుంది. అంత పలుచని ఉక్కుకు పదును నిలవదని నిపుణులు తేల్చేశారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివిన విలియం నికర్సన్ రేకును వంకర పోకుండా గట్టిపరిచే పద్ధతిని, సానబట్టే యంత్రాలను తయారుచేశాడు. రేజర్ మీద పేరు జిలెట్‌దే అయినా, సగం ఘనత నికర్సన్‌కు చెందాలి.

అమ్మకాలు మొదలైన 1903లో పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాది రేజర్లే 90 వేలు దాటాయి. 1904 నవంబరులో పేటెంటు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికులకు సుమారు 35 లక్షల రేజర్లు పంచింది. ఇంటికి తిరిగొచ్చిన సైనికులు ఆ అలవాటును వెంట తెచ్చుకున్నారు. అప్పటి కార్బన్ ఉక్కు బ్లేడ్లు తడికి తుప్పుపట్టేవి. 1960ల మొదట్లో ఇంగ్లండులో విల్కిన్సన్ స్వోర్డ్ తెచ్చిన స్టెయిన్‌లెస్ బ్లేడుతో ఆ బాధ తీరింది. 1971లో జంట బ్లేడ్ల కార్ట్రిడ్జి వచ్చాక పాత రేజర్ వెనకబడింది. మన సెలూన్లలో మాత్రం ఆ బ్లేడు మరో రూపంలో నిలిచింది: దాన్ని నిలువునా రెండుగా విరిచి, సగాన్ని మడత కత్తిలో బిగించి, ఒక గడ్డం కాగానే పారేస్తారు.

సాన పనిని యంత్రాలు, అంచు దిగే లోతును తల చూసుకున్నాక, చేతికి మిగిలినవి వాలు, ఒత్తిడి. గాట్లు దాదాపు అన్నీ ఈ రెండింటి దగ్గరే పడతాయి. కార్ట్రిడ్జిలో వాలు ముందే కుదిర్చి ఉంటుంది, కాస్త నొక్కినా ఓర్చుకుంటుంది. ఆ అలవాటుతో సేఫ్టీ రేజర్‌ను నొక్కితే కడ్డీకీ మూతకూ మధ్య చర్మం ఉబికి అంచుకు అందుతుంది. కాబట్టి పిడిని వేళ్ల చివర్లతో వదులుగా పట్టుకోవాలి, రేజర్ బరువే కోతకు చాలు. వాలు కుదరడానికి మూత పైభాగాన్ని చెంపకు ఆనించి, పిడిని చెంపకు నిటారుగా ఉంచాలి. అప్పుడు అంచు చర్మాన్ని తాకదు. పిడిని మెల్లగా కిందికి దించుతూ పోతే ఒకచోట వెంట్రుకలు తెగడం మొదలవుతుంది. బ్లేడుకూ చర్మానికీ మధ్య కోణం అప్పుడు సుమారు 30 డిగ్రీలు. ఇంకా దించితే అంచు కోయడం మాని గీరడం మొదలుపెడుతుంది. గీత అంగుళానికి మించకూడదు. రేజర్‌ను పక్కకు జార్చడం అన్నిటికన్నా ప్రమాదం, ఆ కదలికను కడ్డీ ఆపలేదు.

తడి ముఖ్యం. నీళ్లు పీల్చుకున్న వెంట్రుక మెత్తబడి తక్కువ బలానికే తెగుతుంది, అందుకే రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని నీటితో తడిపి, ఆ తర్వాతే బ్రష్‌తో నురగ పట్టించాలి. ఉక్కు కంటే యాభై రెట్లు మెత్తనైన వెంట్రుక కూడా బ్లేడు అంచులో సూక్ష్మమైన పెచ్చులు ఊడగొడుతుందని 2020లో అదే మసాచుసెట్స్ విద్యాసంస్థ పరిశోధకులు చూపించారు. నాలుగైదు గడ్డాలకే బ్లేడు పీకినట్టు అనిపించడానికి ఇదొక కారణం. అలాంటి బ్లేడును నొక్కి పని చేయించే కంటే మార్చడమే మేలు. మార్చేటప్పుడు పొట్టి వైపులనే పట్టుకోవాలి, బిగించాక అంచు రెండు పక్కలా సమానంగా బయటికి వచ్చిందో లేదో చూసుకోవాలి.

మొదటి విడత వెంట్రుక వాలిన దిశలోనే సాగాలి. మెడ మీద అది ఒక్కో చోట ఒక్కో వైపు తిరుగుతుంది, వేళ్లతో తడిమి తెలుసుకోవచ్చు. నునుపు చాలకపోతే మళ్లీ నురగ పెట్టి అడ్డంగా గీయాలి. ఎదురు దిశ అందరి చర్మానికీ పడదు, కొత్తవారు దాని జోలికి పోకపోవడమే మంచిది. గడ్డం మొన మీద గీత మరింత చిన్నదిగా ఉండాలి. కంఠముడి దగ్గర చర్మాన్ని పక్కకు లాగి, చదునైన చోట గీయాలి. ఇంత చేసినా చిన్న గాటు పడితే చన్నీళ్లతో కడిగి తడిపిన పటిక రుద్దితే చర్మం బిగిసి రక్తం ఆగుతుంది.