మరల వినవలెనను కోరిక

అభిమానము అను మాటను మనవారు సంస్కృతమునుండి తెచ్చుకొని దాని స్వభావమును మార్చివేసిరి. అక్కడ అది ప్రధానముగా గర్వము, ఇక్కడ ప్రేమ. నటునిపై అభిమానము, గాయకునిపై అభిమానము, ఆటగానిపై అభిమానము అని మనము తడుముకొనక అందుము. ఐనను పాత అర్థము పూర్తిగా వదలిపోలేదు. తాను మెచ్చినవానిని ఎదుటివాడు మెచ్చకున్నచో అభిమాని ముఖము ఎట్లు ఎర్రబడునో చూచినవారికి ఆ సంగతి తెలియును. ఒకసారి వినినదానిని మరల వినవలెనను కోరికతో జీవితమంతయు గడపు అభిమానులను గూర్చి ఇక్కడ కొంత ముచ్చటింపదలచితిని. వారిలో కొందరు అమెరికావారు, కొందరు కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములవారు. ఒకరినొకరు ఎరుగరు. ఎరిగియున్నచో మంచి స్నేహితులై యుందురని నా నమ్మకము.

పద్యనాటకము చూచిన తరమువారికి ఈ కోరిక కొత్తది కాదు. పద్యము ముగిసీ ముగియక ముందే పందిరి వెనుకనుండి "వన్స్‌మోర్" అను కేక వచ్చును. నటుడు కథను నిలిపి, హార్మోనియమువానివైపు చూచి, మరల ఎత్తుకొనును. యుద్ధములో మరణించిన వీరుడు లేచి పద్యము పాడి మరల పడిపోయినాడని చెప్పుకొని నవ్వుకొనుట మనకు అలవాటు. ఆ నవ్వులాటలో ఒక నిజమున్నది. రెండవసారి పాడిన పద్యము మొదటి పద్యము కాదు. రాగము ఒకచోట మరికొంత సాగును. మరియొకచోట గొంతు అలసియుండును. శ్రోత అడిగినది పాతది, దొరకినది కొత్తది. 1885లో వనారస గోవిందరావు స్థాపించిన సురభి సమాజము మొదలుకొని ఊరూర తిరిగిన నాటక సమాజములకు ఈ బేరము నిత్యానుభవమే.

యంత్రము వచ్చి ఈ బేరమును మార్చినది. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి మన గాయకుల కంఠములను రికార్డు చేసెను. వారిలో గౌహర్ జాన్ ఒకతె. ఆమె పాట చివర తన పేరును తానే ఆంగ్లములో చెప్పుకొనెను. ముద్రణ జర్మనీలోని హానోవరు నగరమున జరుగుచుండెను. అక్కడి పనివారికి పాడినది ఎవరో తెలియుటకై ఆ ఏర్పాటు అని చెప్పుదురు. పలకకు వాడిన లక్క మన అడవులలోని చెట్లకు పట్టు పురుగు ఇచ్చినదే. పది అంగుళముల పలక నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒక ప్రక్కకు సుమారు మూడు నిమిషములు. రంగస్థలముపై హాయిగా సాగిన రాగమును గాయకుడు ఆ మూడు నిమిషములలో మడిచి పెట్టవలసి వచ్చెను. కళ్యాణం రఘురామయ్య వంటివారి కంఠములు మనకు దక్కినందుకు ఆ పలకలకు ఋణపడి యున్నాము. కాని రికార్డులో పద్యమున్నది, పందిరి లేదు. వెనుకనుండి కేకవేయువాడు అసలే లేడు.

ఆ కేకవేయువానిని కూడ రికార్డులోనికి తెచ్చుటయే అమెరికా, ఇంగ్లండు దేశముల రాక్ సంగీతాభిమానులు చేసిన పని. విద్యుత్ గిటార్లు, డ్రమ్ములు ప్రధానముగా గల ఈ సంగీతము 1960, 70 దశకములలో వర్ధిల్లెను. దానికి క్లాసిక్ రాక్ అను గౌరవనామము తరువాత 1980లలో రేడియోవారు పెట్టినది. మన చెవికి మొదట అది రొదగానే తోచును. కొంత ఓర్పు పట్టినగాని లోపలి నడక వినబడదు. స్టూడియోలో ఒక్కొక్క వాద్యమును విడివిడిగా రికార్డు చేసి, తప్పులు దిద్ది, అతికి తయారుచేసిన పాటకంటె సభలో జనము నడుమ వాయించినదే మేలని వారిలో ఒక వర్గము వాదించును. ది హూ అను ఇంగ్లీషు బృందము 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ విశ్వవిద్యాలయపు భోజనశాలలో వాయించిన కచేరి రికార్డుగా వెలువడి నేటికిని మన్నన పొందుచున్నది. 1971 మార్చిలో న్యూయార్కులోని ఫిల్‌మోర్ ఈస్ట్ నాటకశాలలో ఆల్‌మన్ సోదరుల బృందము చేసిన కచేరి రికార్డులో ఒక పాట ఎల్.పి. పలక ఒక ప్రక్క నంతయు, 22 నిమిషములకు పైగా, ఆక్రమించినది. మూడు నిమిషముల నిర్బంధమునకు అది జవాబు.

సభలోని రికార్డు సభ్యుల తెలివిని మాత్రమే గాక తెలియనితనమును కూడ దాచిపెట్టును. 1971 ఆగస్టు 1న బంగ్లాదేశ్ బాధితుల సహాయార్థము న్యూయార్కులో జరిగిన కచేరిలో పండిత రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా వాద్యములను శ్రుతి చేసుకొని నిలిపిరి. జనము అదియే పాట అనుకొని చప్పట్లు కొట్టిరి. శ్రుతి చేయుటనే ఇంతగా మెచ్చినారు గనుక వాద్యము మరింత నచ్చునని ఆశించుచున్నానని రవిశంకర్ చమత్కరించెను. ఆ చప్పట్లు, ఆ చమత్కారము రికార్డులో నేటికిని వినవచ్చును. స్టూడియోలో ఇట్టిది దొరకదు.

ఈ అభిమానులలో శిఖామణులని చెప్పదగినవారు గ్రేట్‌ఫుల్ డెడ్ అను బృందమువారి శ్రోతలు. ఆ పేరు వినుటకు విడ్డూరముగా నున్నను అది ఒక జానపద కథా లక్షణము. అప్పుతీర్చక మరణించినవాని శవము అనాథగా పడియుండగా ఒక బాటసారి తన సొమ్ము వెచ్చించి సంస్కారము చేయించును. మృతుడు కృతజ్ఞతతో తరువాత అతనిని ఆపదలో ఆదుకొనును. ఈ మాట ఒక నిఘంటువులో వారికి కనబడినదట. 1965 నుండి, నాయక గిటారిస్టు జెర్రీ గార్షియా మరణించిన 1995 వరకు, ఆ బృందము రెండువేలకు పైగా కచేరీలు చేసెను. ఏ రెండు రాత్రులును ఒకే వరుసలో పాటలు పాడలేదు. పాట నడుమ మనోధర్మముతో ఎంతదూరమైన పోవుదురు. మన సంగీత సభలలో ఒకే విద్వాంసుని కల్యాణిని పది కచేరీలలో విని, ఏ ఊరిది మేలని తగవులాడు రసికులకు ఇది బాగుగ బోధపడును.

శ్రోతలు టేపు యంత్రములు రహస్యముగా తెచ్చి ఈ కచేరీలను రికార్డు చేసుకొనసాగిరి. ఇతర బృందములవారు అట్టివారిని బయటకు నెట్టించుచుండగా, వీరు 1984 అక్టోబరులో మైకులు నిలుపుకొనుటకు సభలో ప్రత్యేక స్థలమునే కేటాయించిరి. నియమము ఒక్కటి: టేపులను మార్చుకొనవచ్చును, అమ్ముకొనరాదు. ఈ ఒక్క నియమము వలన వేలకొలది టేపులు చేతులు మారి, ఒకచోట పాడైనది మరియొకచోట బ్రతికినది. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయపు బార్టన్ హాలులో జరిగిన కచేరిని బృందపు శబ్ద నిపుణురాలు బెట్టీ కాంటర్ జాక్సన్ రికార్డు చేసెను. దాని ప్రతులు అభిమానుల చేతులలో తిరిగి తిరిగి ప్రసిద్ధి చెందగా, అమెరికా జాతీయ గ్రంథాలయము తన 2011 సంవత్సరపు రికార్డుల పట్టికలో దానిని చేర్చి గౌరవించినది.

ఈ మనుష్యులలో పలువురు బేస్‌బాల్ ఆటపై కూడ ప్రాణము పెట్టుకొనియుందురు. రెండు అభిమానములకు మూలము ఒక్కటే యని నాకు తోచును. మన చిర్రగోనెకును, క్రికెట్టునకును దూరపు చుట్టము వంటి ఈ ఆటలో బంతిని నేలపై పడనీయక విసరుదురు. మూడు మంచి బంతులు తప్పినచో బ్యాటువాడు ఔటు. ఒక్కొక్క పక్షమునకు తొమ్మిది ఇన్నింగ్సులు. ఇన్ని గంటలకు ముగియవలెనను నిబంధన లేదు. నిజమైన అభిమాని పెన్సిలు, గళ్ల కాగితము తీసుకొని మైదానమునకు పోవును. హెన్రీ చాడ్విక్ అను ఇంగ్లండులో పుట్టిన పాత్రికేయుడు పందొమ్మిదవ శతాబ్దమున ఈ లెక్క పద్ధతిని పెంపొందించెను. మూడు బంతులకు ఔటైనచో కె అను అక్షరము. అది స్ట్రక్ అను ఆంగ్లపదపు చివరి అక్షరము. బ్యాటు ఊపక చూచుచు నిలిచి ఔటైనచో అదే అక్షరమును తిరగవేసి వ్రాయుదురు. 6-4-3 అని వ్రాసియున్నచో బంతి ఏ ముగ్గురి చేతుల మీదుగా నడచి ఇద్దరిని ఒకేమారు ఔటు చేసినదో నూరేండ్ల తరువాత చదివినవానికిని కన్నులకు కట్టును. మన స్వరలిపి వంటిదే ఇది. 2019 జూన్ 8న కుమార్ రాకర్ అను విద్యార్థి, తల్లివైపు భారతసంతతివాడు, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయము పక్షమున బంతి విసరి డ్యూక్ జట్టు వారికి ఒక్క హిట్టును దక్కనీయక 19 మందిని ఇట్లు ఔటు చేసెను. ఆ దినపు కాగితములపై ఈ అక్షరము 19 మారులు పడినదన్నమాట.

రేడియోలో ఈ ఆట మొదట వినబడినది 1921 ఆగస్టు 5న, పిట్స్‌బర్గులోని కె.డి.కె.ఎ. కేంద్రమునుండి. తరువాత కొంతకాలము ఒక వింత పద్ధతి నడచినది. వ్యాఖ్యాత మైదానమునకు పోడు; స్టూడియోలో కూర్చుండి తంతి వార్తలను బట్టి ఆటను కండ్లయెదుట జరుగుచున్నట్లు వర్ణించును. అయోవా రాష్ట్రమున అట్టి వ్యాఖ్యాతగా నుండిన రోనాల్డ్ రీగన్, తరువాత దేశాధ్యక్షుడైనవాడు, ఒకనాడు తంతి తెగిపోగా బ్యాటువానిచేత నిమిషముల కొలది ఫౌలు బంతులు కొట్టించుచు కాలము గడిపితినని తానే చెప్పుకొనెను. వినువారికి అది ప్రత్యక్షము, నిజమునకు కల్పన. సంగీతమున ఇట్టి కల్పనను సహింపని అభిమానులు ఆటలో నవ్వి ఊరకుందురు. 1993 ఏప్రిల్ 12న శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టు సొంత మైదానమున ఆటల ఋతువు ప్రారంభమైనప్పుడు జాతీయగీతము పాడినవారు గ్రేట్‌ఫుల్ డెడ్ బృందమువారే. ఆనాటి ఆనందము ఎట్టిదో ఆ రెంటి అభిమానులకే తెలియును.

ఇక మన వైపు చూతము. కామారెడ్డి సికింద్రాబాదు నుండి నిజామాబాదు పోవు రైలుమార్గముపై నున్నది; 2016 అక్టోబరు 11 నుండి జిల్లా కేంద్రము. ఎల్లారెడ్డికి రైలు లేదు. మంజీరపై 1923, 1931 నడుమ కట్టిన నిజాంసాగరము ఆ ప్రాంతమునకు వరిని, చెరకును ఇచ్చినది. ఈ పల్లెల రాత్రులకు వెలుగునిచ్చిన విద్య చిందు భాగవతము. కిరీటములు, భుజకీర్తులు ధరించి, మద్దెల, తాళములతో తెల్లవారుదాక ఆడు ఆట అది. చెంచులక్ష్మి, సారంగధర, జాంబపురాణము వారి ప్రసిద్ధ కథలు. స్త్రీలు కూడ రంగమెక్కి ఆడుట ఈ విద్య ప్రత్యేకత. బోధన్ ప్రాంతపు అమ్దాపూరునకు చెందిన చిందుల ఎల్లమ్మ 2005లో మరణించువరకు ఆ విద్యకు పెద్దదిక్కుగా నుండెను.

ఫిలిప్స్ కంపెనీవారు 1963లో ప్రదర్శించిన క్యాసెట్టు 1980లలో మన పల్లెలకు చౌకగా అందినది. హైదరాబాదు నుండి కామారెడ్డికి వచ్చు దారిలోని తూప్రానులో పుట్టిన గద్దర్ పాట ఊరూర వ్యాపించుటకు క్యాసెట్టే ముఖ్య సాధనము. పాడువారి పాట జనమునకు చేర్చిన ఆ యంత్రమే, జనము తమ ముందు పాడినదానిని దాచుకొనుటకును పనికివచ్చినది. భజనలు, పెండ్లిపాటలు, పురాణ కాలక్షేపములు, అక్కడక్కడ చిందు ఆటలు ఇట్లు టేపులకెక్కినవి. ఎల్లారెడ్డిలో ఒక పరిచితుని యింట అట్టి టేపు నొకదానిని నేను వింటిని. కుక్క మొరుగును; పిల్లవాడు ఏడ్చును; ఎవరో బీడీ అగ్గి అడుగును; ఇన్నింటి నడుమ ఒక స్త్రీకంఠము పద్యమునెత్తి ఎక్కడనో ఆకాశమున నిలుపును. వెంటనే జనము "మళ్ల ఒకపారి" అని అరచుట వినబడినది. ఆమె కాలము చేసి చాల ఏండ్లైనదట. గృహస్థుడు ఆ టేపును ఏడాదికి ఒకటి రెండు మారులకంటె ఎక్కువ వేయడు. వేసిన కొలది అరుగునని భయము. ప్రతి చేసికొందునని అడిగితిని, ఇవ్వలేదు. "నా దగ్గర తప్ప ఎక్కడ లేదు" అనెను. అది సంస్కృతార్థమున అభిమానము.

ఆ భయము నిరాధారము కాదు. టేపనగా సన్నని ప్లాస్టిక్ పట్టీపై జిగురుతో అంటించిన ఇనుప తుప్పు. వానకాలపు తేమకు ఆ జిగురు చెడి, యంత్రపు తలకు పొడి అంటుకొనును. చుట్టగా చాలకాలము ఊరకున్నచో ఒక వరుసలోని అయస్కాంతపు ముద్ర ప్రక్క వరుసకు సోకి, పాట రాకమునుపే దాని నీడ సన్నగా వినబడును. కనుక దాచుట వలన టేపు నిలువదు. ప్రతి చేయుట వలననే నిలుచును. అమెరికా అభిమానులు టేపులను పంచుకొని కాపాడుకొనిరి. మనము గూటిలో పెట్టి పోగొట్టుకొనుచున్నాము. బిరుదురాజు రామరాజుగారు 1950లలో జానపద గేయములపై పరిశోధనచేసి మాటలను గ్రంథస్థము చేసిరి. మాట దక్కినది, ఆ మాటను పలికిన గొంతులలో ఎక్కువ భాగము దక్కలేదు.

పాఠశాలలలో ఈ పనికి కావలసిన సరంజామా నేడు స్వల్పము. పాత క్యాసెట్టు యంత్రము ఒకటి, కంప్యూటరునకు కలుపు తీగ ఒకటి చాలును. తలను మెత్తని గుడ్డతో తుడిచి, టేపును ఒకమారు పూర్తిగా ముందుకును వెనుకకును తిప్పి, ఆపై ఒక్కసారే వేసి ప్రతి తీయవలెను. ప్రతితోపాటు ఊరు, సంవత్సరము, మేళము, పాడినవారు, రికార్డు చేసినవారు ఎవరో వ్రాసియుంచనిచో పని సగమే. నేను చూచిన టేపులలో పదింట తొమ్మిదింటికి పేర్లు లేవు. గౌహర్ జాన్ చివర చెప్పుకొనిన ఆ నాలుగు మాటల విలువ అప్పుడు తెలియును. కొత్తగా రికార్డు చేయు విద్యార్థి పాడువారిని మొదట పేరు చెప్పుమని కోరుట మంచిది. వారి అనుమతి లేనిదే ఫోను పైకెత్తుట మర్యాద కాదు. గ్రేట్‌ఫుల్ డెడ్ వారు ఉచితముగ ఒసగిరన్నచో వారికి టిక్కెట్ల రాబడి యుండెను. చిందు మేళమునకు అది లేదు. రాత్రి ఆటకు ఊరివారు ఎంత ఇత్తురో రికార్డు చేయువారు కూడ అంత ఇచ్చుట న్యాయమని నా అభిప్రాయము.