కస్టమ్ బేస్ గిటారు

కస్టమ్ బేస్ గిటారు అనగా కొనుగోలుదారుడు కోరిన కొలతలు, కలప, విద్యుత్ భాగాలు, రూపంతో ప్రత్యేకంగా తయారు చేయబడే బేస్ గిటారు. దుకాణంలో దొరికే వాద్యం ముందే తయారై ఉంటుంది. కస్టమ్ వాద్యం తయారీ మాత్రం ఒప్పందం కుదిరిన తరువాతనే మొదలవుతుంది. ఈ రంగంలో పేరుపొందిన తయారీదారులలో అధికులు అమెరికా, కెనడా, జర్మనీ, బ్రిటన్, పోలండ్, జపాన్ దేశాలలో ఉన్నారు. అందువలన భారతదేశంలోని వాద్యకారులు ఇటువంటి వాద్యాలను ఎక్కువగా విదేశాల నుండే తెప్పించుకొంటారు. వాయించి చూడకుండానే డబ్బు చెల్లించవలసి రావడం, నచ్చకపోతే తిరిగి ఇచ్చే అవకాశం దాదాపు లేకపోవడం ఈ కొనుగోలులోని ప్రధానమైన ఇబ్బందులు. కాబట్టి ముందుగా వ్రాసుకొనే కొలతల పత్రం, కలపకు సంబంధించిన చట్టాలు, రవాణా, సుంకాలు అన్నీ వాద్యం ధరతో సమానమైన ప్రాముఖ్యం గలవి.

వీణకు వలెనే గిటారుకు కూడా దండి, మెట్లు, బిరడలు ఉంటాయి. ఈ వ్యాసంలో ఆ పదాలే వాడబడినవి.

== చరిత్ర ==

మెట్లు గల విద్యుత్ బేస్ గిటారును 1930లలో అమెరికాలోని సియాటిల్ నగరంలో పాల్ టుట్‌మార్క్ తయారు చేశాడు కాని అది ప్రచారంలోకి రాలేదు. 1951లో లియో ఫెండర్ విడుదల చేసిన ప్రెసిషన్ బేస్‌తో ఈ వాద్యం ప్రపంచమంతటా వ్యాపించింది. 34 అంగుళాల తీగ పొడవు, నాలుగు తీగలు అనే కొలతలు అప్పటి నుండే ప్రమాణంగా స్థిరపడినవి.

1969లో కాలిఫోర్నియాలో ఆరంభమైన అలెంబిక్ సంస్థ కోరినవారికి కోరిన విధంగా వాద్యాలు చేసి ఇవ్వడాన్ని ఒక వృత్తిగా నిలబెట్టింది. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందంలోని జాక్ కాసడీ కొరకు 1972లో పూర్తిచేసిన బేస్ ఈ సంస్థ తొలి వాద్యం. వాద్యంలోనే బ్యాటరీతో పనిచేసే ప్రీయాంప్‌ను అమర్చడం, దండి కలపను బాడీ చివర వరకు ఒకే పొడవుగా కొనసాగించడం అలెంబిక్ వాద్యాల ద్వారా ప్రసిద్ధి పొందినవి.

నేటి రూపంలోని ఆరు తీగల బేస్ గిటారు కూడా ఒక వాద్యకారుడి కోరిక వలననే పుట్టింది. న్యూయార్క్ వాద్యకారుడైన ఆంథొనీ జాక్సన్ కోరికపై కార్ల్ థాంప్సన్ 1975లో దానిని తయారు చేసి ఇచ్చాడు. అయితే అందులో తీగల మధ్య దూరం చాలలేదని జాక్సన్ భావించాడు. ఆ తరువాత కెన్ స్మిత్, ఫొడెరా తయారు చేసిన వాద్యాలలో ఈ లోపం సవరించబడినది. ఎంతటి నిపుణుల మధ్యనైనా ఒక కొలత ముందుగా సరిగా స్థిరపడకపోతే వాద్యం అసంపూర్ణంగా మిగులుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

== తయారీదారులలో రకాలు ==

* పెద్ద సంస్థల ప్రత్యేక విభాగాలు: ఫెండర్ సంస్థ 1987లో కాలిఫోర్నియాలో కస్టమ్ షాప్ అనే విభాగాన్ని ప్రారంభించింది. జర్మనీలోని వార్విక్ సంస్థకు కూడా ఇటువంటి విభాగం ఉన్నది. వీటిలో ఎక్కువగా సంస్థ యొక్క నమూనాలలోనే మార్పులు చేస్తారు.
* చిన్న తయారీశాలలు: బ్రూక్లిన్‌లో 1983లో మొదలైన ఫొడెరా, కెనడాలోని డింగ్‌వాల్, ఎఫ్ బేస్, పోలండ్‌లోని మేయోన్స్ వంటివి. ముంబైకి చెందిన మోహినీ డే మేయోన్స్ వాద్యాలను వాయిస్తుంది.
* ఒంటరి తయారీదారులు: ఒకరు లేదా ఇద్దరు కలిసి ఏడాదికి కొద్ది వాద్యాలు మాత్రమే చేస్తారు. వీరి వద్ద స్వేచ్ఛ ఎక్కువ, నిరీక్షణ కూడా ఎక్కువ.

బొబ్బిలిలో పనస కలపతో వీణలు చేసే కళాకారుల పని మూడవ రకానికి దగ్గరగా ఉంటుంది. అయితే బొబ్బిలి వెళ్ళినవారు వీణను చూసి, పలికించి తీసుకొనవచ్చును. విదేశాలలోని తయారీదారునితో ఆ వీలు లేదు.

చిన్న తయారీశాల భవిష్యత్తు కొద్దిమంది మనుషుల మీదనే ఆధారపడి ఉంటుంది. బ్రిటన్‌లోని వాల్ సంస్థను స్థాపించిన ఇద్దరిలో ఇయాన్ వాలర్ 1988లో మరణించగా పీట్ స్టీవెన్స్ పనిని కొనసాగించాడు. తరువాత దానిని పాల్ హెర్మన్ స్వీకరించాడు. ఆ సంస్థ పని నిలిచింది కాని అన్ని సంస్థలకు అటువంటి వారసులు దొరకరు. తయారీ మధ్యలో సంస్థ మూతపడితే ముందుగా చెల్లించిన డబ్బు తిరిగి రాబట్టడం కష్టం.

== కొలతల పత్రం ==

కలప కోయక ముందే ఇరువురూ అంగీకరించి వ్రాసుకొనే పత్రమే ఈ కొనుగోలుకు పునాది. "తేలికగా", "సన్నగా", "గంభీరమైన నాదం" వంటి మాటలకు ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థం చెప్పుకొంటారు. అందువలన వీలైన ప్రతి విషయాన్ని అంకెలలో వ్రాయడం అవసరం. కొనుగోలుదారుడు తనకు అలవాటైన వాద్యాన్ని కొలిచి ఆ అంకెలను పంపడం మంచి పద్ధతి.

=== తీగ పొడవు ===

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే మందమైన ఇ తీగ సుమారు 41 హెర్ట్జ్ వద్ద పలుకుతుంది. ఐదు తీగల బేస్‌లో అదనంగా ఉండే బి తీగ సుమారు 31 హెర్ట్జ్ వద్ద పలుకుతుంది. అంత తక్కువ శ్రుతిలో తీగ వదులుగా ఉండి స్పష్టత తగ్గుతుంది. అదే తీగను అదే శ్రుతిలో ఉంచి పొడవు పెంచితే, దాని బిగువు పొడవు యొక్క వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. 34 నుండి 35 అంగుళాలకు మారితే బిగువు సుమారు 6 శాతం పెరుగుతుంది. 37 అంగుళాలకు మారితే సుమారు 18 శాతం పెరుగుతుంది. డింగ్‌వాల్ ఐదు తీగల వాద్యాలలో మందమైన తీగకు 37, సన్నని తీగకు 34 అంగుళాల పొడవు ఉండి మెట్లు విసనకర్ర వలె విచ్చుకొని ఉంటాయి. పొడవు పెరిగిన కొద్దీ మొదటి మెట్ల మధ్య ఎడమ చేతి వేళ్ళు ఎక్కువగా చాపవలసి ఉంటుంది.

=== తీగల మధ్య దూరం, దండి ===

బ్రిడ్జి వద్ద తీగల మధ్య దూరం సాధారణంగా 16 నుండి 19 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. బొటనవ్రేలితో కొట్టి వాయించేవారు ఎక్కువ దూరాన్ని, వేళ్ళతో వేగంగా వాయించేవారు తక్కువ దూరాన్ని ఇష్టపడతారు. దండి వెడల్పును, మందాన్ని మొదటి మెట్టు, పన్నెండవ మెట్టు వద్ద విడివిడిగా పేర్కొనాలి. ఎడమచేతి వాటం వారికి దుకాణాలలో ఎంపిక చాలా తక్కువ గనుక వారిలో చాలామంది కస్టమ్ వాద్యం వైపు మొగ్గుతారు.

=== బరువు ===

సాధారణ బేస్ గిటారు సుమారు 4 నుండి 4.5 కిలోలు ఉంటుంది. అందమైన బరువు కలపలు వాడితే ఇది 5 కిలోలు దాటవచ్చును. గంటల తరబడి నిలబడి వాయించే వారి భుజానికి, వెన్నుకు ఇది భారమే. "ఇన్ని కిలోలకు మించరాదు" అని పత్రంలో వ్రాయించుకొంటే తయారీదారుడు దానికి తగిన కలపను ఎంచుకొంటాడు. భుజానికి తగిలించినప్పుడు దండి చివర క్రిందకు వాలకుండా ఉండడం కూడా పేర్కొనదగిన విషయమే.

=== విద్యుత్ భాగాలు ===

పికప్‌ల రకం, వాటి స్థానం, ప్రీయాంప్, బ్యాటరీ వోల్టేజీ నిర్ణయించుకోవాలి. ఒకే తయారీశాలలో మాత్రమే దొరికే భాగాలకంటే మార్కెట్లో సులభంగా లభించే భాగాలు దూరదేశాలవారికి అనుకూలం. చెడిపోయినప్పుడు హైదరాబాదులోనో చెన్నైలోనో మార్పించుకొనడానికి వీలుంటుంది.

== కలప, అంతర్జాతీయ నిబంధనలు ==

బేస్ గిటార్లలో దండికి మాపుల్, బాడీకి ఆల్డర్, యాష్, మహాగని, వాల్‌నట్, మెట్ల పలకకు రోజ్‌వుడ్, ఎబొనీ, మాపుల్ కలపలను ఎక్కువగా వాడతారు. మెట్ల పలకలకు విరివిగా వాడే భారతీయ రోజ్‌వుడ్ చెట్టును తెలుగులో జిట్రేగి, ఇరుగుడు అంటారు. ఇది తూర్పు కనుమలలో కూడా పెరుగుతుంది.

అంతరించిపోయే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒడంబడికను సైటిస్ అంటారు. దీని పరిధిలోకి వచ్చే కలపల విషయంలో జరిగిన ముఖ్యమైన మార్పులు ఇవి:

* 1992: బ్రెజిల్ రోజ్‌వుడ్ అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చబడినది. వాణిజ్యపరంగా సరిహద్దులు దాటించడం దాదాపు నిషేధం.
* 2017 జనవరి 2: మిగిలిన రోజ్‌వుడ్ జాతులన్నీ, బుబింగా కలపనిచ్చే మూడు జాతులు రెండవ అనుబంధంలోకి వచ్చినవి. ఈ కలపలతో చేసి సరిహద్దులు దాటించి అమ్మే ప్రతి వాద్యానికి అనుమతి పత్రాలు అవసరమై తయారీదారులు చాలా ఇబ్బంది పడ్డారు.
* 2019 నవంబరు 26: రెండవ అనుబంధంలోని ఈ కలపలతో పూర్తిగా తయారైన సంగీత వాద్యాలకు, వాటి పూర్తయిన భాగాలకు మినహాయింపు లభించింది.

బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు ఈ మినహాయింపు వర్తించదు. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ద్వారా సైటిస్ నిబంధనలు చట్టంలో భాగమై 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినవి. కాబట్టి పాత బ్రెజిల్ రోజ్‌వుడ్ పలక, తాబేలు డిప్ప, దంతం వంటివాటిని అలంకారానికైనా కోరకపోవడం ఉత్తమం. తగిన పత్రాలు లేకపోతే వాద్యం సుంకాల కార్యాలయంలోనే నిలిచిపోగలదు. వాడిన ప్రతి కలప యొక్క వ్యవహార నామం, శాస్త్రీయ నామం తయారీదారుని సంతకంతో తీసుకొనడం ఉపయోగకరం.

== చెల్లింపు ==

చాలా తయారీశాలలు మొత్తం ధరలో కొంత భాగాన్ని ముందుగా తీసుకొని, మిగిలినది వాద్యం పూర్తయిన తరువాత, పంపక ముందు తీసుకొంటాయి. ముందు చెల్లించిన సొమ్ము సాధారణంగా తిరిగి ఇవ్వరు. పని మొదలు కావడానికి నెలల నుండి సంవత్సరాల వరకు పట్టవచ్చును. ఈ కాలంలో రూపాయి మారకపు విలువ మారితే మిగిలిన చెల్లింపు భారం కూడా మారుతుంది. ధర ఏ కరెన్సీలో స్థిరపడింది, ఆలస్యమైతే ఏమి చేయాలి, పత్రంలోని కొలత తప్పితే ఎవరు సరిచేయాలి, అందుకయ్యే రవాణా ఖర్చు ఎవరిది అనే విషయాలు ముందే వ్రాసుకొనాలి. పని ప్రతి దశలోను ఛాయాచిత్రాలు పంపమని కోరడం ఆచారంగా మారింది. దీనివలన రంగు వేయక ముందే తప్పులు బయటపడతాయి.

== రవాణా ==

కొరియర్ సంస్థలు పెట్టె అసలు బరువు, పరిమాణపు బరువులలో ఏది ఎక్కువైతే దానికి రుసుము తీసుకొంటాయి. పరిమాణపు బరువును సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి లెక్కిస్తారు. 125 × 45 × 18 సెంటీమీటర్ల పెట్టెకు ఇది 20.25 కిలోలు. అనగా గట్టి కేసుతో కలిపి 10 కిలోలున్న బేస్‌కు కూడా 20 కిలోలకు పైగా రుసుము పడుతుంది.

వాద్యాన్ని గట్టి కేసులో ఉంచి, దండి చివరి భాగం క్రింద మెత్తని ఆధారం పెట్టి, తీగలను కొంత వదులు చేసి, బ్యాటరీని తీసివేసి పంపడం మంచిది. బీమా పూర్తి విలువకు చేయించాలి. సుంకం తగ్గించుకొనడానికి తక్కువ విలువ చూపడం చట్టరీత్యా నేరం. పైగా వాద్యం విరిగితే చూపిన ఆ తక్కువ విలువకే పరిహారం వస్తుంది.

== దిగుమతి సుంకం ==

భారతదేశంలో సుంకాన్ని వాద్యం ధరపై మాత్రమే కాక రవాణా, బీమా ఖర్చులు కలిపిన విలువపై లెక్కిస్తారు. దీనిపై మూల దిగుమతి సుంకం, ఆ సుంకంపై సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, వీటన్నిటి మొత్తంపై సమగ్ర వస్తుసేవల పన్ను పడతాయి. రేట్లు మారుతూ ఉంటాయి గనుక కొనుగోలు సమయంలో పరిశీలించుకొనాలి. లెక్క అర్థమగుటకు ఈ మూడు రేట్లు వరుసగా 10, 10, 18 శాతం అనుకొంటే:

* వాద్యం ధర: 4,000 డాలర్లు
* రవాణా, బీమా: 300 డాలర్లు
* సుంకం విధించే విలువ: 4,300 డాలర్లు
* మూల సుంకం: 430 డాలర్లు
* సర్‌చార్జి: 43 డాలర్లు
* 4,773 డాలర్లపై 18 శాతం పన్ను: సుమారు 859 డాలర్లు
* మొత్తం ఖర్చు: సుమారు 5,632 డాలర్లు

ఈ లెక్కలో పన్నులే వాద్యం ధరలో మూడవ వంతు అవుతున్నవి. వీటికి కొరియర్ సంస్థ సేవా రుసుము అదనం. సొంత వాడకానికి తెప్పించుకొనేవారికి దిగుమతిదారుల కోడ్ అవసరం లేదు కాని గుర్తింపు పత్రాలు, చెల్లింపు రసీదు చూపవలసి ఉంటుంది. అమెరికాలోని బంధువుల ద్వారా సామానుతో పాటు తెప్పించినా, మినహాయింపు పరిమితికి మించిన విలువపై సుంకం చెల్లించవలసినదే.

== వాతావరణ ప్రభావం, పరీక్ష ==

తయారీశాలలలో గాలిలో తేమను సాధారణంగా 40 నుండి 50 శాతం మధ్య ఉంచుతారు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంత నగరాలలో తేమ అంతకంటే చాలా ఎక్కువ. తెలంగాణ వేసవిలో చాలా తక్కువ. కలప తేమను పీల్చినా, కోల్పోయినా దండి వంపు మారుతుంది. దండి లోపల ఉండే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీని త్రిప్పి దీనిని సరిచేస్తారు.

వాద్యం చేరిన వెంటనే పెట్టెను తెరుస్తూ ఛాయాచిత్రాలు తీసుకొనాలి. పగుళ్ళు ఉంటే వెంటనే కొరియర్ సంస్థకు, తయారీదారునికి తెలియజేయాలి. పగుళ్ళు లేకపోతే కేసును ఒక రోజు పాటు మూసి ఉంచి, గది వాతావరణానికి అలవాటు పడనిచ్చిన తరువాత శ్రుతి చేయడం మంచిది. తీగలు మెట్లకు తగిలి జరజరమనడం మొదటి వారాలలో సహజమే. దానిని తయారీ లోపంగా భావించక ముందు దండి వంపును సరిచేయించి చూడాలి. ఆ తరువాత కొలతల పత్రంలోని ప్రతి అంకెను వాద్యంతో సరిపోల్చి, తేడాలుంటే పత్రంలో వ్రాసుకొన్న గడువులోగా తెలియజేయాలి.

== ఇవి కూడా చూడండి ==

* గిటారు
* బొబ్బిలి వీణ
* ఇరుగుడు
* సైటిస్