పిల్లికూతలు వినే గొట్టం

సుల్తాన్ బజార్ దాటి కోఠిలో సర్జికల్ షాపు. మెడిసిన్ సీటొచ్చిన అమ్మాయి మొదటి స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని, "ఏం వినపడట్లేదంకుల్" అంది. తిరగేసి పెట్టుకుంది మరి. "మొనలు ముక్కు వైపు చూడాలమ్మా" అంటూ షాపాయన సరిచేసి, బిళ్ల మీద గోటితో ఇలా తట్టాడో లేదో, ఆ పిల్ల ఉలిక్కిపడింది.

ఈ గొట్టం మొహమాటంలోంచి పుట్టింది. 1816లో పారిస్ నెకర్ ఆసుపత్రికి గుండె జబ్బుతో ఒక యువతి వచ్చింది. ఆమె ఛాతీకి చెవి ఆనించడానికి డాక్టర్ రెనే లెనెక్‌కు మనసొప్పలేదు. దస్తా కాగితాలు చుట్టగా చుట్టి, ఒక కొస ఆమె గుండె మీదా ఇంకో కొస తన చెవి దగ్గరా పెట్టాడు. చెవి ఆనించిన దానికన్నా స్పష్టంగా వినిపించింది! పిల్లనగ్రోవి వాయించేవాడు, లేత్ పని తెలిసినవాడు. తర్వాత అడుగు పొడవు చెక్క గొట్టాలు తనే చేసుకున్నాడు. 1819లో వేసిన పుస్తకంలో ఊపిరితిత్తుల చప్పుళ్లకు పేర్లు పెడుతూ ఒకదాన్ని అడవి పావురం కువకువతో పోల్చాడు. మనవాళ్లకు అక్కడ పిల్లి వినిపించింది, పిల్లికూతలన్నారు. నా ఓటు పిల్లికే.

మన ఊరి సంగతికొస్తే, 1846లో బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ మెక్లీన్ ఆధ్వర్యంలో హైదరాబాద్ మెడికల్ స్కూలు మొదలైంది. ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం అదే. అప్పటికింకా గొట్టం ఒంటి చెవిదే. రెండు చెవులకూ పనికొచ్చేదాన్ని 1852లో న్యూయార్క్ డాక్టర్ జార్జ్ కామన్ తయారుచేశాడు.

ఇంతకీ ఆ పిల్లి ఎక్కడుంటుంది? ఉబ్బసంలో ఊపిరిగొట్టాల చుట్టూ కండరం బిగుస్తుంది, లోపలి పొర వాస్తుంది, కళ్లె అడ్డుపడుతుంది. ఇరుకులోంచి గాలి దూసుకుపోతుంటే గోడలు అదురుతాయి. బుడగ మూతి సాగదీసి గాలి వదిలితే కీచుమంటుందే, అదే తంతు. గాలి వదిలేటప్పుడు గొట్టాలు మరింత సన్నబడతాయి కనుక కూత అప్పుడే ఎక్కువ. పిల్లనగ్రోవి లెక్క ఇక్కడ కుదరదు. లండన్ వైద్యుడు పాల్ ఫోర్గాచ్ చెప్పింది అదే: హీలియం కలిపిన గాలి పీల్చినా శ్రుతి పెద్దగా మారదు, పిల్లనగ్రోవైతే మారాలి. ఇది సన్నాయి పీక వ్యవహారం. తెలుగులో గొంతునీ పీకే అంటాం, చూశారా!

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండులో ఉబ్బసానికిచ్చే చేపమందు వరుసలో నిలబడితే ఈ కూతలు ఏ గొట్టమూ లేకుండానే వినొచ్చు. ఆ మందు పనిచేస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. పైగా కూతలన్నీ ఉబ్బసమూ కావు. వేరుశెనగ గింజ ఊపిరిగొట్టంలోకి జారినా కూత వస్తుంది, తరచూ ఒక పక్కనే. గుండె నీరసించి ఊపిరితిత్తుల్లో నీరు చేరినా వస్తుంది. అందుకే డాక్టరు బిళ్లను వీపు మీద అటూ ఇటూ జరుపుతూ వింటారు.

అన్నిటికన్నా గడ్డు కేసులో అసలు చప్పుడే ఉండదు. రాత్రంతా ఎగశ్వాసతో అల్లాడిన పిల్లాణ్ణి తెల్లారుజామున తీసుకొచ్చి, "కూతలు తగ్గాయి డాక్టర్ గారూ" అంటుంది తల్లి. డాక్టరు బిళ్ల పెట్టి వింటారు. రెండు పక్కలా నిశ్శబ్దం. గాలి ఆడితే కదా గోడలు అదిరేది. స్టెతస్కోపు చెవుల్లోంచి తీయకుండానే ఆక్సిజన్ తెమ్మని నర్సుకు చెయ్యి ఊపుతారు.